చదునైన చెప్పులు, పలుచని మేజోళ్ళు

మడమ ఎత్తు లేని చదునైన చెప్పులతో మేజోళ్ళు తొడగాలా, వద్దా? తొడిగితే నూలువి తొడగాలా, పలుచని నైలాన్‌వి తొడగాలా? వినడానికి ఇది చాలా చిన్న ప్రశ్న. కానీ మన ఇళ్ళలో ఇది అలంకరణకు మాత్రమే సంబంధించినది కాదు. ఇందులో వుజూ ఉంది, నమాజు ఉంది, పరదా ఉంది, పల్నాటి ఎండ ఉంది, ఇంటి పెద్దలను పీడించే చక్కెర వ్యాధి ఉంది. అందుకే దీనిని కొంత వివరంగా పరిశీలించదలిచాము.

సత్తెనపల్లి నుండి గుంటూరుకో నరసరావుపేటకో బస్సెక్కి చదువులకు, ఉద్యోగాలకు వెళ్ళే మన ఆడపిల్లల కాళ్ళకు తరచుగా కనిపించేవి ఇలాంటి చెప్పులే. వేళ్ళను, మడమను కప్పి పాదం పైభాగాన్ని తెరిచి ఉంచే బెల్లీలు కొన్ని, దారపు పని చేసిన జూతీలు కొన్ని, పట్టీల సాండల్స్ కొన్ని. ఎత్తు మడమల చెప్పులతో పోలిస్తే ఇవి నడకకు మేలైనవే. అయితే ఇంట్లో వీటి గురించి మూడు మాటలు వినిపిస్తాయి. పాదాలు కప్పుకోవాలి కదా అంటుంది నానమ్మ. ఈ ఎండలో మేజోళ్ళు తొడిగితే కాళ్ళు పాసిపోతాయి అంటుంది అమ్మ. అమ్మాయి మాత్రం చర్మపు రంగులో ఉండే పలుచని జత ఒకటి కొనుక్కుని, పాదం కప్పినట్టూ ఉంది, తొడిగినట్టు తెలియకుండానూ ఉంది అని తృప్తిపడుతుంది. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. ఏ మాట ఎంతవరకు నిజమో విడదీసి చూద్దాం.

మేజోడు కొత్త వస్తువు కాదు

మేజోళ్ళు ఇటీవలి నాగరికత వెంట వచ్చినవని చాలామంది అనుకుంటారు. చెప్పులతో మేజోళ్ళు తొడగడం అనే ఆచారం నిజానికి చాలా పురాతనమైనది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈజిప్టులో దొరికిన ఎర్రని ఉన్ని మేజోళ్ళ జత ఒకటి ఉంది. అది క్రీ.శ. 250 నుండి 420 మధ్య కాలానిదని అంచనా. దాని ముందుభాగం రెండుగా చీలి, బొటనవేలికి ఒక అర, మిగిలిన వేళ్ళకు ఒక అర ఉంటుంది. వేళ్ళ మధ్య పట్టీ ఉన్న చెప్పు వేసుకోవడానికే దానిని అలా అల్లారు. నేడు మన సోదరీమణులు చెప్పులతో తొడిగే బొటనవేలి మేజోళ్ళకు అది అక్కగారి వరస అవుతుంది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలపు అరబ్బు సమాజంలో రెండు రకాలు వాడుకలో ఉండేవి. చీలమండలు దాటి పైకి వచ్చే తోలు మేజోళ్ళను ఖుఫ్ అనేవారు. ఉన్నితోనో వెంట్రుకలతోనో చేసిన మందపాటి వాటిని జవ్‌రబ్ అనేవారు. ఉర్దూలో ఈ రెండింటికీ మోజా అనే మాట వాడతారు. మన తెలుగు మేజోడులో వినిపించేది కూడా ఆ మాటే.

ఇంగ్లండులో విలియం లీ 1589లో మేజోళ్ళను అల్లే యంత్రాన్ని రూపొందించాడు. నేడు మనం చర్చిస్తున్న పలుచని రకం మాత్రం ఆధునిక కాలానిదే. అమెరికాలో నైలాన్ మేజోళ్ళ అమ్మకం 1940 మే 15న విస్తృతంగా మొదలైంది. అంటే ధర్మవేత్తలు మేజోళ్ళ గురించి షరతులు రాసిన రోజుల్లో ఇలాంటి వస్తువు వాడుకలో లేదు. పాత గ్రంథాలలో మేజోడు అన్న మాట కనబడగానే దానిని నేటి పలుచని జతకు అన్వయించకూడదనే సంగతి ఇక్కడే తెలుస్తున్నది.

వుజూ, మసహ్: మొదట తేల్చుకోవలసిన విషయం

దివ్యఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా 6వ ఆయతు వుజూ విధానాన్ని తెలుపుతుంది. పాదాలను చీలమండల వరకు కడగడం అందులో ఒక విధి. వుజూలో మడమలు పొడిగా వదిలేసిన వారిని దైవప్రవక్త (స) తీవ్రంగా హెచ్చరించిన హదీసు సుప్రసిద్ధం. కాబట్టి పాదం విషయంలో అశ్రద్ధ నమాజునే ప్రశ్నార్థకం చేస్తుంది.

దీనికి ఒక సౌలభ్యం కూడా ఉంది. తబూక్ ప్రయాణంలో దైవప్రవక్త (స) వుజూ చేస్తుండగా హజ్రత్ ముగీరా బిన్ షుఅబా (రజి) ఆయన ఖుఫ్‌లను విప్పడానికి వంగారు. వాటిని ఉండనివ్వమని, పరిశుద్ధ స్థితిలోనే తొడిగానని చెప్పి ఆయన (స) వాటిపై తడి చేతితో తుడిచారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండూ ఈ సంఘటనను నమోదు చేశాయి. ఇదే మసహ్. దీని గడువు ఊళ్ళో ఉన్నవారికి ఒక పగలు, ఒక రాత్రి. ప్రయాణికులకు మూడు పగళ్ళు, మూడు రాత్రులు. తుడవవలసినది పైభాగాన్ని. విప్పితే గాని, గడువు తీరితే గాని మసహ్ చెల్లదు. అప్పుడు కాళ్ళు కడగాలి.

మరి ఈ సౌలభ్యం మనం తొడిగే మేజోళ్ళకు వర్తిస్తుందా? హనఫీ మజ్‌హబ్‌లో ఇమాం అబూ హనీఫా (రహ్మ) మొదట తోలు తొడుగు గాని తోలు అట్ట గాని ఉన్న జవ్‌రబ్‌లనే అనుమతించారు. ఆయన శిష్యులు ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్ (రహ్మ) మందపాటివైతే చాలన్నారు. ఇమాంగారు కూడా తమ చివరి రోజుల్లో ఈ అభిప్రాయానికే వచ్చారని హనఫీ గ్రంథాలు పేర్కొంటున్నాయి. మందం అంటే ఏమిటో కూడా వారు స్పష్టంగా చెప్పారు. నీరు వెంటనే లోపలికి దిగకూడదు. కట్టకుండానే పిక్కపై నిలబడాలి. చెప్పు లేకుండా వాటితో సుమారు మూడు మైళ్ళు నడిచినా చినిగిపోకూడదు. హంబలీ, షాఫయీ ధర్మవేత్తలు కూడా దృఢంగా, నడవడానికి వీలుగా ఉండాలన్నారు. మాలికీలు తోలునే కోరారు.

ఈ కొలతలతో చూస్తే దుకాణంలో దొరికే పలుచని నైలాన్ జత నాలుగు మజ్‌హబ్‌లలో ఏ ఒక్కదాని ప్రకారమూ మసహ్‌కు పనికిరాదు. మనం రోజూ తొడిగే మామూలు నూలు మేజోళ్ళు కూడా హనఫీ షరతులకు నిలవవు. అవి రబ్బరు బిగింపు వల్ల నిలుస్తున్నాయే తప్ప తమ మందం వల్ల కాదు, నీరూ వెంటనే దిగుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో మౌలానా మౌదూదీ ఈ షరతులకు హదీసులలో ఆధారం కనిపించలేదంటూ సాధారణ మేజోళ్ళపై కూడా మసహ్‌ను అనుమతించారన్నది నిజమే. ఆ అభిప్రాయాన్ని అనుసరించేవారు మన మధ్య ఉన్నారు. అయితే పల్నాటిలో ఎక్కువమంది హనఫీలే. చలి దేశాలలో ఉన్న కష్టం కూడా మనకు లేదు. ఏ అభిప్రాయాన్ని పాటించాలో తమ మస్జిదు ఇమామును అడిగి ఒకసారి స్థిరపరచుకోవడం మంచిది. పొద్దున ఒక అభిప్రాయం, తొందరలో ఉన్నప్పుడు మరొక అభిప్రాయం అనడం మాత్రం తగదు.

ఇక్కడే చదునైన చెప్పుల ప్రశ్న మళ్ళీ ఎదురవుతుంది. మసహ్‌కు చీలమండలు కప్పబడి ఉండటం తప్పనిసరి. బెల్లీల అంచు కింద దాగిపోయే పొట్టి మేజోళ్ళు ఎంత మందంగా ఉన్నా ఈ షరతుకు నిలవవు. బెల్లీ తోలుదైనా సరే, చీలమండను కప్పదు కనుక దానిపై తుడవడం కుదరదు. పనిచేసే చోట కాళ్ళు కడుక్కోవడానికి వీలు లేక జుహర్ నమాజుకు ఇబ్బంది పడే సోదరి ఎవరైనా ఉంటే ఆమెకు దారి మూసుకుపోలేదు. ఇంటి దగ్గరే పూర్తి వుజూ చేసి, చీలమండలు దాటే తోలు మోజాలు తొడిగి, వాటిపై పట్టేంత వెడల్పున్న చెప్పు వేసుకుంటే పగలంతా మసహ్ చేసుకోవచ్చు. అయితే అవి ఇరుకైన బెల్లీలో పట్టవు. కాబట్టి ఆమె ముందుగా మార్చుకోవలసినది చెప్పును.

ఇంకొక సంగతి. సత్తెనపల్లి నుండి గుంటూరుకు దూరం 40 కిలోమీటర్ల లోపే. హనఫీ ధర్మవేత్తలు ప్రయాణానికి చెప్పిన సుమారు 77 కిలోమీటర్ల దూరంలో అది సగమే. రోజూ బస్సెక్కినంత మాత్రాన మూడు రోజుల గడువు వర్తించదు. ఒక పగలు, ఒక రాత్రి గడువే వర్తిస్తుంది.

పాదం కప్పుకోవడం గురించి

నానమ్మ మాటకు ఆధారం లేకపోలేదు. వస్త్రపు అంచు ఎంత కిందికి ఉండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు దైవప్రవక్త (స) స్త్రీలు ఒక జానెడు వదలాలన్నారు. అలాగైతే పాదాలు కనబడతాయి కదా అని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) అడిగారు. అప్పుడు ఆయన (స) ఒక మూరెడు వదలమని, అంతకు మించవద్దని చెప్పారు. ఒక స్త్రీ తన పాదాల గురించి అడిగిన ప్రశ్నకు దైవప్రవక్త (స) విసుగు లేకుండా కొలతతో సహా జవాబిచ్చారు. ఇంత చిన్న విషయం కూడా అడగదగినదే అని ఈ హదీసు మనకు నేర్పుతుంది.

ధర్మవేత్తల మధ్య దీనిపై భేదాభిప్రాయం ఉంది. షాఫయీ, హంబలీ పండితుల దృష్టిలో నమాజులో స్త్రీ పాదాలు కప్పబడి ఉండాలి. హనఫీలలో ఎక్కువగా ఆమోదం పొందిన అభిప్రాయం ప్రకారం పాదాలు కప్పుకోవలసిన భాగంలోకి రావు; కప్పుకుంటే జాగ్రత్త ఎక్కువ. కాబట్టి హనఫీ కుటుంబంలోని అమ్మాయి చదునైన చెప్పులలో పాదం పైభాగం కనబడేలా బయటికి వెళితే ఆమె ఒక విధిని ఉల్లంఘించిందని అనడానికి వీలు లేదు. మేజోళ్ళు తొడిగిన అమ్మాయి ఛాందసురాలని నవ్వడానికీ వీలు లేదు.

కప్పుకోవాలనుకున్నప్పుడు మాత్రం నిజంగా కప్పే దానినే ఎంచుకోవాలి. చర్మం కనిపించనీయనిదే కప్పిన వస్త్రం అన్నది ధర్మవేత్తల సాధారణ సూత్రం. ఇక్కడ రంగుకూ పలుచదనానికీ తేడా తెలుసుకోవాలి. చర్మపు రంగులో ఉన్నా మందంగా ఉండి లోపలి చర్మం కనిపించనీయకపోతే అది కప్పినట్టే. నల్లగా ఉన్నా వలలా పలుచగా ఉండి చర్మం కనిపిస్తే కప్పినట్టు కాదు. నైలాన్ మేజోళ్ళ పొట్లంపై డెనియర్ అని ఒక అంకె ఉంటుంది. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 15, 20 అని ఉంటే చర్మం స్పష్టంగా కనబడుతుంది. 60, అంతకు మించి ఉంటే సాధారణంగా కనబడదు. అంకె చూడటం తెలియకపోతే ఇంకో సులువైన పరీక్ష ఉంది. మేజోడులో చేయి పెట్టి వేళ్ళు చాచి వెలుతురులో చూడాలి. గోళ్ళు కనబడితే పాదమూ కనబడుతుంది.

ఆ కాలంలో మూరెడు వదిలిన అంచు చేసిన పనిని నేడు చాలా చోట్ల మేజోడు చేస్తున్నది. బస్సు మెట్లు ఎక్కేటప్పుడు నేలను ఈడ్చే అంచు కాలికి అడ్డం పడుతుంది. బైకు వెనుక కూర్చుంటే చక్రంలో చుట్టుకుని ప్రాణం మీదికి తెస్తుంది. బుర్ఖా అంచును చీలమండ దగ్గర ఆపి, కింద మందపాటి మేజోళ్ళు తొడగడం ఇలాంటి చోట ప్రాణరక్షణ కూడా అవుతుంది.

హజ్, ఉమ్రాలకు వెళ్ళేవారు ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఇహ్రాంలో పురుషులు మేజోళ్ళు తొడగరాదు. స్త్రీలు తొడగవచ్చు. తవాఫు పాలరాతిపై జరుగుతుంది కనుక జారే నైలాన్ కాక నూలు జతలు వెంట తీసుకెళ్ళడం మంచిది.

పల్నాటి ఎండలో పాదం

అమ్మ మాటలోని నిజం ఇప్పుడు చూద్దాం. రాష్ట్రంలో ఎండలు మండిపోయే ఊళ్ళ పేర్లు చెప్పమంటే ముందుగా వినిపించేది మన జిల్లాలోని రెంటచింతల. వేసవిలో అక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం వింత కాదు. ఈ వేడిలో మూసి ఉన్న చెప్పులో పాదం చెమటలో నానుతుంది. చెమటకు స్వతహాగా వాసన ఉండదు. చర్మంపై ఉండే సూక్ష్మక్రిములు దానిని విచ్ఛిన్నం చేసినప్పుడు వాసన పుడుతుంది. తడి ఆరని చోట, ముఖ్యంగా చివరి రెండు వేళ్ళ సందులో బూజు జాతి క్రిమి చేరి చర్మం తెల్లబడి, పాసి, చీలుతుంది. దురద, మంట మొదలవుతాయి.

అలా అని మేజోళ్ళు మానేస్తే సరిపోతుందా? చెప్పును బట్టి జవాబు మారుతుంది. బెల్లీల లోపల ఎక్కువగా ఉండేది రెగ్జిన్. అది చెమటను పీల్చదు, ఉతకడానికీ కుదరదు. వట్టి కాలితో తొడిగితే రోజుల తరబడి చెమట అందులోనే పేరుకుంటుంది. మడమ వెనుక రాపిడికి బొబ్బలు లేస్తాయి. కాబట్టి మూసి ఉన్న చెప్పుకు మేజోడు మేలు. గాలి ఆడే పట్టీల చెప్పుకు వట్టి కాలైనా ఆరోగ్యరీత్యా ఇబ్బంది లేదు.

ఇక ఏ మేజోడు? నైలాన్ దాదాపు చెమటను పీల్చదు. అది చర్మంపై పొరలా తడిని నిలిపి ఉంచుతుంది, చెప్పులో కాలు జారేలా చేస్తుంది. నూలు చెమటను పీలుస్తుంది. అయితే పీల్చిన తడిని తొందరగా వదలదు కనుక తడిసిన జతను మార్చాలి. నూలు ఎక్కువగా ఉండి, సాగేందుకు కొద్దిగా ఇతర దారం కలిసిన రకం రోజువారీ వాడకానికి అనువైనది. మన చుట్టూ పండేది పత్తి. పత్తిని దూదిగా ఏకడమే వృత్తిగా తరతరాలు బతికిన నూర్‌బాషా కుటుంబాలు మన పాఠకులలో ఎన్నో ఉన్నాయి. నూలు గుణం వారికి మేము చెప్పనవసరం లేదు.

అన్నింటికన్నా ముఖ్యమైన జాగ్రత్త వుజూకు, మేజోడుకు మధ్య ఉన్న ఆ ఒక్క నిమిషంలో ఉంది. వుజూ చేసి తడి కాలికే మేజోడు తొడిగితే రోజుకు ఎన్నోసార్లు మనమే తడిని లోపల బంధించినట్టవుతుంది. వుజూలో చిటికెనవేలితో కాలివేళ్ళ సందులు శుభ్రం చేయడం దైవప్రవక్త (స) సంప్రదాయం. కడగడానికి వేళ్ళ సందుల్లోకి వెళ్ళిన వేలు, తుడవడానికి కూడా మెత్తని గుడ్డతో అక్కడికే వెళ్ళాలి. సంచిలో చిన్న చేతి తువ్వాలు ఒకటి, విడి జత ఒకటి ఉంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

బడిపిల్లలకూ ఇదే వర్తిస్తుంది. 2020 అక్టోబరులో మొదలైన విద్యాకానుకలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఒక జత బూట్లతో పాటు రెండు జతల మేజోళ్ళు ఇచ్చారు. రెండు జతలు ఎందుకో ఇంట్లో పిల్లలకు చెప్పాలి. ఒకటి తొడిగితే ఒకటి ఉతికి ఆరేయడానికి. ఒకే జతను వారమంతా వాడితే ఆ రెండవ జతకు అర్థం లేదు. మస్జిదులో సఫ్‌లో నిలబడే పురుషులకు కూడా ఈ మాట చెల్లుతుంది. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్న వాసనతో మస్జిదుకు రావద్దన్న దైవప్రవక్త (స) ఆదేశం వెనుక తోటివారిని బాధించరాదన్న హితవు ఉంది. సజ్దాలో వెనుక సఫ్ వారి ముఖం ముందుండేది మన పాదాలే.

చక్కెర వ్యాధి ఉన్నవారి విషయంలో

ఇప్పటివరకు చెప్పినది సౌకర్యానికి, ఆచరణకు సంబంధించినది. ఇకపై చెప్పేది పాదాన్ని కాపాడుకోవడం గురించి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి చక్కెర వ్యాధి ఉంది. ఈ వ్యాధి ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. రక్తప్రసరణ కూడా మందగిస్తుంది. చెప్పులో రాయి ఉన్నా తెలియదు. బొబ్బ చిట్లినా నొప్పి ఉండదు. నొప్పి లేదు కనుక చూసుకోరు, చూసుకోరు కనుక పుండు లోతుగా దిగుతుంది. వేలు, ఆపై పాదం తొలగించవలసి వచ్చే స్థితికి చాలాసార్లు ఆరంభం ఇలాంటి చిన్న గాయమే.

ఇలాంటివారు చదునైన చెప్పులతో మేజోళ్ళు తొడగడమే మంచిది. అయితే మేజోడు ఎలా ఉండాలన్నది ఇక్కడ చాలా ముఖ్యం. లేత రంగుది కావాలి. నెత్తురు గాని చీము గాని అంటితే వెంటనే కనబడుతుంది. లోపల ఉబ్బెత్తు కుట్టు ఉండకూడదు. ఉంటే తిరగేసి తొడగాలి. పైన రబ్బరు బిగువుగా ఉండి పిక్కపై గాడి పడకూడదు. పలుచని నైలాన్ రాపిడిని ఆపదు, పైగా జారుతుంది. మాచర్ల వైపు నుండి వచ్చే నాపరాళ్ళు పరిచిన మన ఇళ్ళలో, నీళ్ళు పడిన గచ్చుపై నైలాన్ మేజోళ్ళతో నడిచి పడిపోతే పెద్దవారికి తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది.

వేసవిలో మస్జిదు ఆవరణలోని రాళ్ళు కాలిపోతుంటాయి. స్పర్శ ఉన్నవారు అడుగు పెట్టగానే వెనక్కి తీస్తారు. స్పర్శ తగ్గినవారు నడిచి వెళ్ళిపోతారు. ఇంటికి వచ్చాక బొబ్బలు చూసుకుంటారు. చెప్పులు విడిచే చోటు నుండి సఫ్ వరకు చాపలు పరిచే ఏర్పాటు ప్రతి మస్జిదు కమిటీ చేయగలదు. ఖర్చు తక్కువ, పుణ్యం ఎక్కువ.

వుజూకు వేడి నీళ్ళు వాడేవారు ముందు మోచేతితో వేడి చూడాలి. మడమల పగుళ్ళకు నూనెగాని మలాంగాని రాసినా వేళ్ళ సందుల్లో రాయకూడదు. చెప్పు తొడిగే ముందు దులిపి, లోపల చేతితో తడిమి చూడాలి. ఈ జాగ్రత్తలన్నింటికీ రోజులో సమయం ఎక్కడ దొరుకుతుందని అడగవలసిన పని లేదు. పాదాలను రోజుకు ఒక్కసారైనా పరీక్షించుకోండని వైద్యులు చెబుతారు. ఐదు పూటలా వుజూ చేసేవారి చేతిలోకి పాదం రోజుకు ఎన్నోసార్లు వస్తుంది. ఆ సమయంలో అడుగుభాగం, మడమ, వేళ్ళ సందులు ఒకసారి చూస్తే చాలు. చూపు మందగించిన పెద్దలకు కోడలో, మనవరాలో ఆ సాయం చేయవచ్చు. ఇప్పటికే పుండు పడి, నీరు తగలరాదని వైద్యుడు చెబితే కట్టుపై తడి చేతితో తుడిచే సౌలభ్యం ధర్మంలో ఉంది. భక్తి పేరుతో పుండును రోజూ తడపనవసరం లేదు.

కాళ్ళ నరాలు ఉబ్బినవారికి వైద్యులు బిగుతైన మేజోళ్ళు సూచిస్తారు. అవి ఔషధం వంటివి. పాదాలకు రక్తప్రసరణ తక్కువగా ఉన్నవారికి అవి హాని చేయవచ్చు. పక్కింటివారికి మేలు చేశాయని కొనుక్కోకూడదు.

ఏ చెప్పుకు ఏ మేజోడు?

ఇంతవరకు చెప్పిన దానిని ఆచరణలోకి తెచ్చుకుందాం.

రోజంతా మూసి ఉన్న బెల్లీలలో ఉండే విద్యార్థినులు, ఉద్యోగినులు నూలు మేజోళ్ళు తొడగాలి. పాదం కప్పుకోవాలనుకుంటే చీలమండ దాటేవి; అక్కరలేదనుకుంటే అంచు కింద దాగే పొట్టివైనా సరే. మేజోడు పట్టేంత వదులున్న చెప్పునే కొనాలి. సాయంత్రం పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది కనుక, మేజోళ్ళు తొడుక్కునే వెళ్ళి సాయంత్రం పూట కొలత చూసుకోవాలి. బెల్లీల అట్ట మరీ పలుచనైతే మడమ నొప్పి వస్తుంది. మేజోడు దానికి మందు కాదు. మెత్తని అట్ట ఉన్న చెప్పే మందు.

పట్టీల సాండల్స్‌తో కప్పుకోవాలనుకునేవారికి బొటనవేలు విడిగా ఉన్న నూలు రకం సరిపోతుంది. పెళ్ళిళ్ళకు, విందులకు జూతీలతో పలుచని జత తొడిగితే తప్పేమీ లేదు. అది అలంకరణే తప్ప మసహ్‌కు, నమాజులో కప్పుకోవడానికి సరిపోయేది కాదని తెలిసి తొడగాలి. నమాజు వేళకు విప్పి, కడిగి, పాదాలు కప్పుకునేవారు వేరే జత తొడుక్కోవాలి.

మిరప కోతలకు, పత్తి తీతకు వెళ్ళే సోదరీమణుల అవసరం వేరు. పత్తి మోళ్ళు గుచ్చుకునే చేలలో, ఎండుమిర్చి ఘాటు చర్మాన్ని మండించే కల్లాలలో చదునైన చెప్పు చాలదు. మందపాటి మేజోళ్ళు, పాదమంతా కప్పే గుడ్డ బూట్లు వారికి రక్షణ. ఇంటికి వచ్చాక ఆ మేజోళ్ళను మిగిలిన బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి.

ఏ రకమైనా తిరగేసి ఉతికి, ఎండలో ఆరేయాలి. ఒకరి మేజోళ్ళు ఒకరు వాడకూడదు. పాదం పాసి వారం దాటినా తగ్గకపోతే వైద్యునికి చూపించాలి.

ఒకరినొకరు కొలవకుండా

అన్నూర్ సూరా 31వ ఆయతులో స్త్రీలు దాచిన అలంకరణ తెలిసేలా పాదాలు నేలకు తాటించి నడవరాదన్న ఆదేశం ఉంది. నడక తీరుకే ఇంత శ్రద్ధ చూపిన ధర్మం పాదం మీది మేజోడును చూసి మనిషి విశ్వాసాన్ని తూచమని ఎక్కడా చెప్పలేదు. మన ఇళ్ళలో జరిగేది మాత్రం తరచుగా అదే. కొత్తగా వచ్చిన కోడలు మేజోళ్ళు తొడగకపోతే ఒక మాట, తొడిగితే మరొక మాట. తొలిసారి కాలేజీకి వెళ్ళే అమ్మాయి గుమ్మం దాటేలోపు పాదాల మీద పడే చూపులు. ఇమాములే భేదించిన విషయంలో మనం తీర్పు చెప్పి ఆమె మనసు నొప్పించడం ఏ పుణ్యం?

నానమ్మ కోరినట్లు పాదం కప్పుకోవడం మంచిదే. అమ్మ భయపడినట్లు తడి పాదానికి మూత వేయడం ప్రమాదమే. అమ్మాయి కోరుకున్నట్లు సులువుగా నడవగలగడం ఆమె హక్కే. ఈ మూడూ కలిసే దారి ఉంది. వుజూలో పాదం పూర్తిగా కడగాలి, పొడిగా తుడవాలి, శుభ్రమైన నూలు మేజోడు తొడగాలి, దానికి పట్టే చెప్పు వేసుకోవాలి. పలుచని నైలాన్ ఈ పనుల్లో ఏ ఒక్కదానినీ పూర్తిగా చేయదు.

ఈసారి బజారుకు వెళ్ళినప్పుడు ఇంట్లో అందరికీ రెండేసి జతల నూలు మేజోళ్ళు కొనండి. చక్కెర వ్యాధి ఉన్న పెద్దలుంటే వారికి లేత రంగువి, బిగువు లేనివి చూసి తీసుకోండి. ఈ రాత్రి ఇషా వుజూకు వారు కూర్చున్నప్పుడు దీపం దగ్గరికి తెచ్చి వారి పాదాలు ఒకసారి చూడండి.